టాటూ షాపుకి నాలుగు స్టార్లు, పక్క బెడ్ కస్టమర్‌కి ఒక్కటి

షాపు పనికి పెద్దగా వంక పెట్టడానికి లేదు. లైన్లు సాఫీగా వచ్చాయి, షేడింగ్ ఎక్కడా మచ్చలు కట్టలేదు, మానిన తర్వాత కూడా నలుపు నలుపుగానే ఉంది. అయినా ఈ రివ్యూలో సగం అక్కడికి వచ్చే మనలాంటి వాళ్ల గురించే రాస్తున్నాను, ఎందుకంటే ఆ రోజు పక్క బెడ్ దగ్గర జరిగిన తంతు చూశాక టాటూ బాగా రావడంలో కస్టమర్ వాటా కూడా తక్కువేం కాదని అర్థమైంది.

ముందు శుభ్రత సంగతి. సూది కార్ట్రిడ్జ్ ప్యాకెట్ నా కళ్ల ముందే చించారు, దాని మీద ఎక్స్‌పైరీ తేదీ నేను అడగకముందే చూపించారు. మెషీన్‌కి, వైరుకి, లైటు పట్టుకుని తిప్పే పిడికి కూడా ప్లాస్టిక్ తొడుగులు. ఇంకుని చిన్న చిన్న కప్పుల్లో పోసుకుని, పని అయ్యాక మిగిలింది కప్పులతో సహా పారేశారు. మళ్లీ వాడే స్టీలు గ్రిప్పులు (మెషీన్‌ని పట్టుకునే పిడులు) ఆటోక్లేవ్‌లో పెడతారట, అంటే ఒత్తిడితో ఉన్న ఆవిరిలో, 121 డిగ్రీల దగ్గర కనీసం 15 నిమిషాలు. మధ్యలో ఆర్టిస్ట్ ఫోన్ పట్టుకోవాల్సి వస్తే గ్లవ్స్ తీసేసి, వచ్చాక కొత్తవి వేసుకున్నాడు.

ఇవన్నీ అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడేవాళ్లు చాలామంది. అడగండి. సూది చర్మంలోకి 1 నుంచి 2 మిల్లీమీటర్లు దిగుతుంది, రక్తం వస్తుంది, సరిగ్గా శుభ్రం చేయని సామాన్లతో హెపటైటిస్ బి, సి లాంటివి అంటుకునే అవకాశం ఉంది. "కొత్త సూది నా ముందు తీస్తారా?" అని మామూలుగా అడిగితే మంచి ఆర్టిస్ట్ ఎవరూ నొచ్చుకోరు, పైగా సంతోషంగా చూపిస్తారు. అడిగినందుకు చిరాకు పడే షాపు అయితే లేచి వచ్చేయడమే.

ఇక పక్క బెడ్. ఆయన ఒక్కడే రాలేదు, వెంట ఒక గుంపు. వాళ్లలో ఒకడు "ఇంకొంచెం పెద్దది చేయించరా" అంటాడు, ఇంకొకడు వీడియో తీస్తూ ఆర్టిస్ట్ మోచేతికి తగులుతూ నిలబడ్డాడు, మూడోవాడు నేరుగా వచ్చి ఇంకు కప్పులు, తుడిచే పేపర్లు సర్ది పెట్టిన ట్రే మీద తన ఫోన్ పెట్టేశాడు. ఆ ఆర్టిస్ట్ అమ్మాయి ఒక్క మాట అనలేదు. ఫోన్ తీసి ఇచ్చేయమని చేత్తో సైగ చేసి, ట్రే మీద పరిచిన షీటుతో సహా అన్నీ చుట్టి చెత్త డబ్బాలో వేసి, గ్లవ్స్ మార్చుకుని మొత్తం మళ్లీ మొదలుపెట్టింది. ఫోన్ మనం ఎక్కడెక్కడ పెడతామో మనకి తెలియనిదా? ఇంత జరిగాక బెడ్ మీదున్న పెద్దమనిషి అడిగిన ప్రశ్న, "ఎందుకింత లేటు చేస్తున్నారు?" నేనైతే అప్పుడే పంపించేసేవాడిని. తోడు కావాలంటే ఒక్కరిని తీసుకెళ్లండి, అది కూడా నోరు అదుపులో ఉన్నవాళ్లని.

బేరం కూడా ఆడాడు, అదీ స్టెన్సిల్ (సూది పెట్టే ముందు చర్మం మీద దించే బొమ్మ గీతలు) అంటించాక. "ఇంత బుల్లిదానికి అంతా?" అని. బొమ్మ బుల్లిదైనా సూది, గ్లవ్స్, తొడుగులు, శుభ్రం చేసే టైము అన్నీ పెద్ద బొమ్మకి ఎంతో దీనికీ ఇంచుమించు అంతే. డబ్బు సరిపోదనుకుంటే ముందే ఇంతలో ఏమొస్తుందని అడగడంలో తప్పేమీ లేదు, దానికి తగ్గట్టు డిజైన్ తగ్గించి గీసిస్తారు. ఫలానా చోట సగానికే వేస్తారు అని మాత్రం అనకండి, సూది వాళ్ల చేతిలో ఉంది.

డిజైన్ విషయంలో నాకు నచ్చిందేంటంటే, ఎవరో వేయించుకున్న టాటూ ఫొటో తీసుకెళ్లి అచ్చంగా ఇదే కావాలంటే ఈ షాపులో వేయరు. ఆ బొమ్మ ఇంకో ఆర్టిస్ట్ ఇంకొకరి కోసం గీసింది. నాలుగైదు ఫొటోలు చూపించి ఇందులో ఆకులు నచ్చాయి, ఇందులో గీత సన్నగా ఉండటం నచ్చింది అని చెబితే కొత్తగా గీస్తారు. అక్షరాలు మరీ చిన్నగా వద్దని నాకు ఖరాకండిగా చెప్పారు. ఏళ్లు గడిచే కొద్దీ ఇంకు చర్మంలో కాస్త కాస్త పరుచుకుని దగ్గర దగ్గరగా ఉన్న గీతలు కలిసిపోతాయి, "అ" ఏదో "ఆ" ఏదో తెలియకుండా పోతుంది. ఇలాంటి చోట ఆర్టిస్ట్ వద్దంటే వినాలి.

మార్పులు చెప్పాల్సిన టైము మాత్రం స్టెన్సిల్ అప్పుడే. లేచి నిలబడి, చేతులు మామూలుగా వదిలేసి అద్దంలో చూసుకోండి, కూర్చుని చూస్తే చర్మం లాగి బొమ్మ వంకరగా కనిపిస్తుంది. పేరు రాయించుకుంటుంటే ఒక్కో అక్షరం, ఒత్తు, దీర్ఘం అన్నీ చదవండి. నచ్చకపోతే తుడిచి మళ్లీ అంటిస్తారు, రెండోసారి చెప్పినా ఏమీ అనుకోరు. సూది మొదలయ్యాక "కొంచెం ఇటు జరిగితే బాగుండేది" అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

వెళ్లే ముందు స్నానం చేసి, కడుపునిండా తిని, వేయించుకునే చోటు సులువుగా బయటికి కనిపించే బట్టలు వేసుకుని వెళ్లండి. ఖాళీ కడుపుతో కూర్చుంటే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు ఉంటారు. ముందురోజు నుంచే మందు తాగడం (మద్యం) మానాలి, తాగి వస్తే రక్తం ఎక్కువ కారుతుంది, మనిషి కుదురుగా ఉండడు, మంచి షాపు ఏదైనా వెనక్కి పంపేస్తుంది. వెంట్రుకలు ఇంట్లో గీసుకుని గాట్లు పెట్టుకోకండి, వాళ్లే తీస్తారు. మొద్దుబార్చే క్రీమ్ చెప్పాపెట్టకుండా రాసుకెళ్లినా ఇబ్బందే, కొన్ని క్రీములతో చర్మం తీరు మారిపోతుంది. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, షుగర్ ఉన్నా, ఏదైనా పడకపోయినా బుకింగ్ అప్పుడే చెప్పేయండి. జ్వరం, దగ్గు ఉంటే ఒక ఫోన్ కొట్టి వాయిదా వేసుకోండి. చెప్పకుండా ఎగ్గొడితే డిపాజిట్ తిరిగి ఇవ్వరు, అది న్యాయమే, ఆ టైములో ఇంకెవరినీ తీసుకోలేదు కదా.

బెడ్ మీద ఉన్నప్పుడు ఒకటే నియమం, కదలాలనిపిస్తే కదలకముందే చెప్పాలి. తుమ్ము వస్తున్నా సరే. నొప్పి భరించలేకపోతే ఆపమనడానికి సిగ్గెందుకు, నేనూ ఆపించాను, నీళ్లు ఇచ్చి ఆగారు. ఆర్టిస్ట్ మాట్లాడుతుంటే మాట్లాడండి, సన్నటి గీత దగ్గరికి వచ్చి మౌనంగా అయిపోతే మీరూ ఊరుకోండి. పక్కాయన ఆ టైములోనే వీడియో కాల్ చేసి నవ్వుతున్నాడు, పొట్ట అంతా ఊగుతోంది, టాటూ పక్కటెముకల మీద!

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఇంటికెళ్లాక తీసుకోవాల్సిన జాగ్రత్తలు చివర్లో గబగబా నోటితో చెప్పేశారు. అంతసేపు నొప్పి ఓర్చుకుని లేచినవాడికి ఏం గుర్తుంటుంది? కాగితం మీద ఇవ్వాలి. నేను మళ్లీ మెసేజ్ పెడితే మర్నాటికి గానీ జవాబు రాలేదు. పై చర్మం మానడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అందాకా పొక్కులు గోకకూడదు, ఈతకి వెళ్లకూడదు, ఎండ తగలనివ్వకూడదు. గోకేసుకుని, రంగు ఊడిపోయిందని షాపు మీద ఒక స్టార్ రివ్యూ రాసేవాళ్లని చూశాను. ఏదైనా తేడాగా అనిపిస్తే ముందు ఫొటో తీసి వాళ్లకే పంపండి, మానాక టచప్ (రంగు తగ్గిన చోట మళ్లీ దిద్దడం) చాలా షాపులు ఉచితంగానే చేస్తాయి. ఎర్రబడటం రోజురోజుకీ పెరుగుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా మాత్రం షాపు జవాబు కోసం కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

బుక్ చేసుకునేవాళ్లు పొద్దున మొదటి స్లాట్ అడగండి. గుంపులు ఇంకా వచ్చి ఉండవు, ఆర్టిస్ట్ కళ్లు కూడా అలిసిపోయి ఉండవు.