రూన్ లిపి: పాత ఫుథార్క్‌తో మొదలుపెట్టాలా, కొత్తదానితోనా?

రూన్ లిపి అంటే ఉత్తర ఐరోపాలో జర్మానిక్ భాషలు రాసిన పాత లిపి. దాని అక్షరమాలను మొదటి ఆరు అక్షరాల ధ్వనులను బట్టి ఫుథార్క్ అంటారు. రూన్ లిపి నేర్చుకోవాలనుకునేవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. పాత ఫుథార్క్‌లో 24 అక్షరాలు. క్రీ.శ. 2వ శతాబ్దం నుంచి సుమారు 700 వరకు వాడుకలో ఉంది. వైకింగ్ కాలపు కొత్త ఫుథార్క్‌లో 16 అక్షరాలే.

16 అంటే సులువనిపిస్తుంది, కానీ కాదు. అప్పటికి భాషలో అచ్చులు పెరిగాయి, అక్షరాలేమో తగ్గాయి. తమిళంలో క, గలకు ఒకే అక్షరం ఉన్నట్టు ఇక్కడా అంతే. డెన్మార్క్‌లోని యెల్లింగ్ రాతి మీద గోర్మ్ రాజు పేరు ‘కుర్మ్’ అని ఉంటుంది. భాష ముందే తెలిస్తే తప్ప సరిగా చదవలేం. అయితే శాసనాలకు కొదవ లేదు. స్వీడన్‌లోనే వేలల్లో ఉన్నాయి, పూర్తి వాక్యాలతో. చదివే అలవాటు త్వరగా పడుతుంది.

పాతదానిలో రాత ఉచ్చారణకు చాలా దగ్గర. లోటల్లా సరుకు తక్కువ కావడమే. డెన్మార్క్‌లోని విమోసెలో దొరికిన దువ్వెన మీద ఉన్నది ‘హర్య’ అనే ఒక్క మాట. కానీ డెన్మార్క్‌లోనే గల్లెహుస్‌లో దొరికిన, సుమారు క్రీ.శ. 400 నాటి బంగారు కొమ్ము చూడండి: ‘ఎక్ హ్లెవగస్తిజ్ హోల్తియజ్ హోర్న తవిదో’. ‘హోల్త్ వాడైన హ్లెవగస్తిజ్ అనే నేను ఈ కొమ్ము చేశాను’ అని అర్థం. 1802లో దొంగ ఆ కొమ్మును కరిగించేశాడు. అంతకుముందే గీసిన బొమ్మల వల్ల ఈ వాక్యం మిగిలింది, అది మన అదృష్టం.

ఆ పేరులోని ‘గస్తిజ్’ అంటే అతిథి. తర్వాతి పాత నార్స్‌లో, అంటే వైకింగుల భాషలో, అది ‘గెస్త్ర్’. చివరి ఇకారం ముందున్న అకారాన్ని ఎకారంగా మార్చి, తాను రాలిపోయింది. ‘జ్’ కాస్తా ‘ర్’ అయింది. ‘గెస్త్ర్’ ఒక్కటే చూస్తే ఆ ఎకారం ఎక్కడిదో తెలియదు. కొమ్ము మీద కారణం రాసే ఉంది!

అందుకే భాషా చరిత్ర కోసమైతే నా ఓటు పాతదానికే. రాళ్లు చదవాలన్న సరదా మాత్రమే ఉంటే కొత్తది చాలు. ఎటు వెళ్లినా పాత నార్స్ వ్యాకరణం కొంత ముందే చదివి పెట్టుకోండి, లేకపోతే టెన్షన్ తప్పదు.

గోతిక్, అంటే గోత్‌ల పాత జర్మానిక్ భాష, ఆ తర్వాత చూసుకోవచ్చు. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ చేసిన బైబిల్ అనువాదం ఉంది కాబట్టి పాఠానికి లోటు లేదు. అక్కడ ఇదే మాట ‘గస్త్స్’: ఇకారం పోయింది, అకారం మాత్రం అలాగే నిలిచింది.