సైబర్ భద్రతతో కలిసిన న్యాయ డిగ్రీ: ఐదేళ్లు చదివాక నా సమీక్ష

రాష్ట్రం బయటి ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో సైబర్ భద్రత ప్రధానాంశంగా ఐదేళ్ల బీఎస్సీ ఎల్‌ఎల్‌బీ ఉమ్మడి కోర్సును 2025లో పూర్తి చేసి, ప్రస్తుతం హనుమకొండలో ఒక సీనియర్ న్యాయవాది గారి దగ్గర జూనియర్‌గా పని నేర్చుకుంటున్నాను. ఇంటర్ పూర్తయిన పిల్లల తల్లిదండ్రులు ఈ కోర్సు గురించి తరచుగా అడుగుతున్నందున ఇది రాస్తున్నాను.

కాలం విషయంలో లాభం స్వల్పమే. మూడేళ్ల డిగ్రీ చదివి, లాసెట్ రాసి, సుబేదారిలోని కాకతీయ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల వంటి చోట మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేస్తే ఆరేళ్లు పడుతుంది. ఉమ్మడి కోర్సులో ఒక సంవత్సరం మిగులుతుంది. ఆ ఒక్క ఏడాది కోసమే ప్రైవేటు ఫీజు, హాస్టల్ ఖర్చు భరించడం గిట్టుబాటు కాదు. రెండు శాస్త్రాలను ఒకేచోట చదివినందువల్ల అదనంగా ఏం దక్కిందన్నదే అసలు లెక్క.

ఆ లెక్కలో నాకు మిగిలిన పెద్ద అసంతృప్తి ఏమిటంటే, పది సెమిస్టర్లలో అధిక భాగం ఈ రెండు చదువులూ పక్కపక్క గదుల్లో ఒకదానితో ఒకటి పలకరింపు లేకుండా సాగాయి. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలకు శిక్ష విధించే ఐటీ చట్టంలోని సెక్షన్ 66ఏ ను సుప్రీంకోర్టు 2015లో ఎందుకు కొట్టివేసిందో న్యాయశాస్త్ర అధ్యాపకులు అద్భుతంగా చెప్పారు. నెట్‌వర్కింగ్ అధ్యాపకులు లాగ్‌లను, అంటే కంప్యూటర్లు తమలో జరిగే పనులను నమోదు చేసే చిట్టాలను, చదవడం ఓపికగా నేర్పారు. కానీ సైబర్ దాడిని గమనించిన 6 గంటల్లో సెర్ట్-ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థకు తెలియజేయాలనీ, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలనీ చెప్పే 2022 నాటి ఆదేశాలను ఇద్దరిలో ఎవరూ పాఠంగా చెప్పలేదు. ఎవరికి వారు అది అవతలి వారి విషయమనుకున్నారేమో.

రెండూ నిజంగా కలిసింది ఎలక్ట్రానిక్ సాక్ష్యం పాఠంలో. ఆ అధ్యాపకురాలు ఒక ఫైలుకు షా-256 హ్యాష్ విలువను, అంటే అందులోని సమాచారం నుంచి వచ్చే వేలిముద్ర లాంటి గుర్తును, లెక్కించి, అందులో ఒకే ఒక ఖాళీని చేర్చి మళ్లీ లెక్కించారు. 64 అక్షరాల ఆ వరుస గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. ఆ వెంటనే భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 కింద సమర్పించాల్సిన ధ్రువపత్రాన్ని మా ముందుంచి, అందులోని ‘ఏ’ భాగాన్ని సాక్ష్యం దాఖలు చేసే వ్యక్తి నింపాలనీ, ‘బీ’ భాగంపై నిపుణుడు సంతకం చేయాలనీ, రెండింటిలోనూ హ్యాష్ విలువ రాయాలనీ వివరించారు. మొన్న ఏనుమాముల మార్కెట్‌కు చెందిన ఒక మిర్చి అడ్తిదారు వాట్సాప్ సందేశాల స్క్రీన్‌షాట్లను ప్రింటు తీయించుకుని మా ఆఫీసుకు వచ్చినప్పుడు, ఆ కాగితాలు ఒక్కటే చాలవనీ, ఫోన్‌లోని సందేశాలను చెరపకూడదనీ సీనియర్ గారి కంటే ముందు నేనే చెప్పగలిగాను. కట్టిన ఫీజులో కొంత ఆ రోజు తిరిగి వచ్చినట్లనిపించింది.

అయితే అదే విషయంలో పరీక్షా విభాగం నిర్లక్ష్యం క్షమించరానిది. ఈ కొత్త సాక్ష్య చట్టం 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన తర్వాత జరిగిన పరీక్షలో కూడా 1872 నాటి పాత సాక్ష్య చట్టంలో ఎలక్ట్రానిక్ సాక్ష్యం గురించి చెప్పే సెక్షన్ 65బీ గురించే అడిగారు. అప్పటికే విచారణలో ఉన్న కేసులకు పాత చట్టం వర్తిస్తుంది కాబట్టి రెండూ తెలియాల్సిందే, కానీ కొత్తదాన్ని పూర్తిగా వదిలేయడానికి అది సాకు కాదు. ఫోరెన్సిక్ ల్యాబ్ పరిస్థితి ఇంకా దయనీయం: అసలు డిస్క్‌లో ఏమీ మారకుండా నకలు తీయడానికి వాడే రైట్ బ్లాకర్ మా అరవై మందికీ కలిపి ఒక్కటే ఉండేది.

గణితమన్నా కంప్యూటరన్నా భయపడేవారు దీని జోలికి వెళ్లకపోవడం మంచిది. కోర్టు వాదనలు మాత్రమే ఇష్టమైనవారికి మామూలు ఎల్‌ఎల్‌బీ చాలు. చేరాలనుకునేవారు బార్ కౌన్సిల్ ఆమోదాన్ని సరిచూసుకుని, ఆ తర్వాత ల్యాబ్ చూపించమని అడిగి, రైట్ బ్లాకర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నాకు కూడా అప్పట్లో ల్యాబ్ చూపించారు. వరుసగా మెరుస్తున్న కంప్యూటర్లను చూసి నాన్న గారు, నేను సంతృప్తిగా తిరిగి వచ్చేశాం. రైట్ బ్లాకర్ అనే మాట అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.