తుపాకీ ఉన్నవాళ్ళకే ఈ డబ్బా ఎక్కువ అవసరం: కౌంటర్ అసాల్ట్ బేర్ స్ప్రే, 10.2 ఔన్సులు

అలాస్కాకో, మోంటానా, వయోమింగ్ కొండల్లోకో వేటకు, చేపలకు వెళ్ళేవాళ్ళలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "నా దగ్గర .44 మాగ్నమ్ ఉంది కదా, మళ్ళీ ఈ మిరప ఘాటు డబ్బా ఎందుకు?" ఈ సమీక్ష ముఖ్యంగా వాళ్ళ కోసం. తుపాకీ ఇంట్లో వదిలేసి వెళ్ళమని ఇక్కడ ఎవరూ చెప్పడం లేదు. మనుషుల జాడ లేని చోట రెండూ ఉండాలి. కానీ ఎలుగుబంటి ఎదురుపడినప్పుడు ముందు చేతిలోకి రావలసింది డబ్బానే. కారణాలు కింద ఉన్నాయి.

వస్తువు సంగతి ముందు చూద్దాం. 1980ల్లో మోంటానా విశ్వవిద్యాలయంలో చార్లెస్ జాంకెల్, క్యారీ హంట్ ఎలుగుల్ని చంపకుండా దూరం పెట్టే పద్ధతుల మీద పరిశోధనలు చేశారు. బేర్ స్ప్రే అనే సరుకు ఆ పని నుంచే వచ్చింది, కౌంటర్ అసాల్ట్ ఆ తొలితరం పేరు. ఇది రెండు సైజుల్లో దొరుకుతుంది: 8.1 ఔన్సులు (230 గ్రాములు), 10.2 ఔన్సులు (290 గ్రాములు). ధర సుమారు 50 డాలర్లు, హోల్‌స్టర్‌తో (నడుముకు తగిలించుకునే ఒర) కొంటే ఇంకొంచెం. రెండిట్లోనూ మిరప ఘాటునిచ్చే క్యాప్సైసినాయిడ్లు 2 శాతం. అమెరికా పర్యావరణ సంస్థ బేర్ స్ప్రేలకు అనుమతించేది 1 నుంచి 2 శాతం వరకే కాబట్టి ఇంతకన్నా ఘాటైనది చట్టబద్ధంగా దొరకదు. కొన్ని డబ్బాల మీద పెద్ద అక్షరాలతో వేసే స్కోవిల్ లెక్కల్ని (మిరప ఘాటును కొలిచే అంకెలు) పట్టించుకోకండి. చూడాల్సినవి మూడే: ఎలుగుల కోసమని సంస్థ దగ్గర రిజిస్టరైన నంబరు, ఎన్ని సెకన్లు చిమ్ముతుంది, ఎంత దూరం పోతుంది.

గ్రిజ్లీల (ఉత్తర అమెరికా లోపలి ప్రాంతాల గోధుమ ఎలుగుల) విషయం చూసే ఇంటరేజెన్సీ కమిటీ, అంటే ప్రభుత్వ సంస్థల ఉమ్మడి కమిటీ, సిఫారసు ప్రకారం డబ్బాలో కనీసం 7.9 ఔన్సులు ఉండాలి, 6 సెకన్లు చిమ్మాలి, 25 అడుగులు చేరాలి. కౌంటర్ అసాల్ట్ చిన్న డబ్బా కూడా 7 సెకన్లకు తగ్గదు, 30 అడుగులకు తక్కువ పోదు. మార్కెట్లో 4 సెకన్లలో ఖాళీ అయిపోయేవి కూడా ఉన్నాయి. తక్కువ సమయంలో ఎక్కువ ద్రవం బయటికొస్తే మబ్బు దట్టంగా ఉంటుందని వాటి తయారీదార్ల వాదన. అందులో కొంత నిజముంది. కానీ మొదటి చిమ్ము గాలికి పక్కకు పోతే రెండోదానికీ మూడోదానికీ ఏమైనా మిగలాలి కదా. తుపాకీతో వెళ్ళేవాళ్ళు ఊరికి దూరంగా, రోజుల తరబడి ఉంటారు, వాడేశాక ఇంకోటి కొనే చోటు ఉండదు. అందుకే 10.2 ఔన్సుల డబ్బా తీసుకోండి. ఆ 60 గ్రాముల అదనపు బరువు గురించి ఆలోచించాల్సిన పని లేదు.

మనుషుల మీద వాడే చిన్న పెప్పర్ స్ప్రే దీనికి బదులు కాదు. అది సన్నటి ధారగా పోతుంది, ఇది వెడల్పుగా విచ్చుకునే మబ్బు. ఎలుగు ముఖానికి గురి చూసే పని తప్పించేది ఆ వెడల్పే.

ఇక లెక్కలు. ఎలుగుల పరిశోధకులు టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో బృందం 2008లో ప్రచురించిన అధ్యయనం అలాస్కాలో 1985 నుంచి 2006 వరకు జరిగిన 83 స్ప్రే ఘటనల్ని పరిశీలించింది. గోధుమ ఎలుగుల విషయంలో 92 శాతం, నల్ల ఎలుగుల విషయంలో 90 శాతం సందర్భాల్లో స్ప్రే వాటి దుడుకును ఆపింది. స్ప్రే ఉన్నవాళ్ళలో 98 శాతం మందికి గాయాలే కాలేదు. 2012లో వచ్చిన మరో అధ్యయనం తుపాకుల గురించి: 1883 నుంచి 2009 వరకు 269 ఘటనలు. చేతి తుపాకులు 84 శాతం, పొడవు తుపాకులు 76 శాతం సార్లు పనిచేశాయి. అయితే దూకుడుగా వచ్చిన ఎలుగుల ఎదుట తుపాకీ వాడినవాళ్ళకూ వాడనివాళ్ళకూ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఈ రెండు శాతాల్నీ పక్కపక్కన పెట్టి పందెం కట్టడం సరికాదు. స్ప్రే లెక్కల్లో ఊరికే కుతూహలంతో దగ్గరికొచ్చిన ఎలుగులు కూడా ఉన్నాయి, తుపాకీ లెక్కల్లో ఎక్కువ భాగం ప్రాణం మీదికొచ్చిన సందర్భాలు. రెండో అధ్యయనంలో అసలు చదవాల్సింది తుపాకులు ఎందుకు విఫలమయ్యాయన్న భాగం. తీసేంత సమయం లేకపోవడం, సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) తీయలేకపోవడం, తూటా ఇరుక్కోవడం, గురి తప్పడం, తూటాలు అయిపోయాక మళ్ళీ నింపుకోలేకపోవడం, కాలు తట్టుకుని పడిపోవడం. వీటిలో ఏ ఒక్కటీ తుపాకీ శక్తికి సంబంధించినది కాదని గమనించండి. ఇంకా శక్తిమంతమైన .454 కసుల్ రివాల్వర్ కొన్నా, 10 మిల్లీమీటర్ల గ్లాక్ కొన్నా, 12 గేజ్ షాట్‌గన్‌లో స్లగ్గులు (బరువైన ఒంటి గుండ్లు) నింపుకున్నా ఇవేవీ తీరవు.

సమయం ఎంత తక్కువో ఒకసారి చూడండి. గ్రిజ్లీ గంటకు 35 మైళ్ళ వరకు పరుగెత్తగలదు, అంటే సెకనుకు 15 మీటర్ల పైచిలుకు. 30 గజాల అవతల పొదల్లోంచి వచ్చిందంటే మీ దగ్గరికి చేరడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. ఆ రెండు సెకన్లలో తల దించి, ఎగుడుదిగుడు నేల మీద పైకీ కిందికీ ఊగుతూ వచ్చే తలలో మెదడుకు తగిలేలా కాల్చాలి. గుండెకు తగిలినా అది పడేలోపు మిమ్మల్ని అందుకోగలదు. స్ప్రే మబ్బుకు ఆ గురి అక్కర్లేదు. కళ్ళు, ముక్కు, ఊపిరి ఒక్కసారిగా మండుతాయి. ఇంకో మాట, ఇది వేటగాళ్ళు తరచుగా మరిచిపోయేది: ఎలుగు మీ తోటివాడి మీద పడి ఉంటే తుపాకీ పేల్చితే తూటా ఎవరికి తగులుతుందో తెలియదు. స్ప్రే ఇద్దరి మీదా కొట్టొచ్చు. మీ వాడు కళ్ళు మండి ఏడుస్తాడు, కానీ బతికి ఉంటాడు.

ఎక్కడ కట్టుకోవాలన్నది డబ్బా ఏది కొన్నామన్నదానికన్నా ముఖ్యం. బ్యాగులో ఉన్న స్ప్రే లేనట్టే. కంపెనీ ఇచ్చే నైలాన్ హోల్‌స్టర్ నడుము బెల్టుకు తగిలించుకునేది. పెద్ద బ్యాగు వేసుకునేవాళ్ళకు ఇక్కడే చిక్కు, బ్యాగు తుంటి పట్టీ వచ్చి దాని మీద కూర్చుంటుంది. అప్పుడు హోల్‌స్టర్‌ను బ్యాగు తుంటి పట్టీకో, ఛాతీ పట్టీకో మార్చండి. బ్యాగు దించిన ప్రతిసారీ మళ్ళీ ఒంటి మీదికి తెచ్చుకోవాలి, అది మరవకండి. చేతి తుపాకీ ఉన్నవాళ్ళకు పనికొచ్చే అమరిక ఇది: తుపాకీ ఛాతీ హోల్‌స్టర్‌లో, స్ప్రే ఎడమ తుంటి మీద, రెండూ బ్యాగు తీసినా వేసినా కదలకుండా. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళు ఎడమచేత్తో క్లిప్ తీసి చిమ్మడం సాధన చేయాలి, ఎందుకంటే రెండో చెయ్యి తుపాకీకి మిగలాలి. రైఫిల్ ఒక్కటే ఉంటే స్ప్రే కుడి తుంటికే పెట్టుకోండి. రైఫిల్‌కు రెండు చేతులూ కావాలి, రెండు పనులూ ఒకేసారి జరగవు, అందుకని మీకు చేతనైన చెయ్యి స్ప్రేకే దక్కాలి.

అన్నిటికన్నా ప్రమాదం వేటాడిన ఎల్క్‌ను (పెద్ద జాతి దుప్పిని) కోసేటప్పుడు. రైఫిల్ చెట్టుకు ఆనించి ఉంటుంది, తల కిందికి ఉంటుంది, చేతులు రక్తంలో ఉంటాయి, వాసన గాలి వాలున పోతూ ఉంటుంది. ఒంటి మీద ఉండే ఆయుధం అప్పుడు ఈ డబ్బా ఒక్కటే. ఇద్దరుంటే ఒకరు కోయాలి, ఒకరు నిలబడి చుట్టూ చూడాలి.

వాడే పద్ధతి సూటిగా ఉంటుంది. చూపుడు వేలు పిడిలోని రంధ్రంలోకి దూర్చి, బొటనవేలితో సేఫ్టీ క్లిప్‌ను నేరుగా వెనక్కి లాగాలి. పక్కకు లాగితే ఇరుక్కుంటుంది. తర్వాత బొటనవేలే ట్రిగర్ మీద. ఎలుగు 60 అడుగుల లోపలికి వచ్చేసరికి మొదలుపెట్టి, గురి కొంచెం కిందికి, దాని ముందున్న నేల వైపు పెట్టాలి. మబ్బు పైకి లేస్తుంది, అది వచ్చి అందులోకి దూరుతుంది. ఎత్తుగా కొడితే తల మీదుగా పోతుంది, చాలామంది చేసే పొరపాటు ఇదే. రెండు మూడు సెకన్లు చిమ్మి ఆపి చూడండి, ఇంకా వస్తుంటే మళ్ళీ. అది తిరిగిపోగానే మీరూ అక్కడి నుంచి కదలండి, పరుగెత్తకుండా.

ఈ సరుకులో లోపాలు లేకపోలేదు. కొత్త డబ్బా సేఫ్టీ చుట్టూ రవాణా కోసం ప్లాస్టిక్ టై ఉంటే కత్తిరించాలి. అది కత్తిరించకుండా అడవిలోకి వెళ్తే డబ్బా ఇంట్లో ఉన్నట్టే. హోల్‌స్టర్ మూత వెల్‌క్రో, చేతి తొడుగులు ఉంటే తెరవడం నెమ్మదిస్తుంది, తొడుగులతోనే సాధన చేయండి. గాలి ఎదురుగా ఉంటే కొంత మీ ముఖానికే వస్తుంది. 2008 అధ్యయనంలో గాలి ఇబ్బంది పెట్టింది 7 శాతం ఘటనల్లోనే, అప్పుడు కూడా ఎలుగుకు చేరింది. కానీ వాడినవాళ్ళకే మంట తగిలిన సందర్భాలు 14 శాతం. చలిలో లోపలి ఒత్తిడి తగ్గి దూరం పడిపోతుంది, కోటు లోపల పెట్టుకోండి, రాత్రి నిద్రసంచి పక్కన ఉంచండి. ఎండలో కారులో వదిలేస్తే అంతకన్నా ముప్పు: 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే పేలవచ్చు.

గుడారం మీద, సామాన్ల మీద ముందుగానే చల్లుకునేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఎండిపోయిన అవశేషం ఎలుగుల్ని తరమదు, పిలుస్తుంది. గోధుమ ఎలుగులు దానిలో పొర్లాడటం 1990ల్లోనే అలాస్కాలో గమనించి టామ్ స్మిత్ ప్రచురించారు. ఇది దోమల మందు కాదు.

చట్టం విషయం తుపాకీ ఉన్నవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. 2010 ఫిబ్రవరి నుంచి అమెరికా జాతీయ ఉద్యానవనాల్లో రాష్ట్ర చట్టం ఒప్పుకున్నంత వరకు తుపాకీ దగ్గర పెట్టుకోవచ్చు. పేల్చడం మాత్రం యెల్లోస్టోన్‌లో నేరమే. స్ప్రేకు అక్కడ అడ్డు లేదు, యోసెమిటీలో మాత్రం బేర్ స్ప్రే నిషేధం. అలాస్కా, హవాయి కాకుండా మిగతా 48 రాష్ట్రాల్లో గ్రిజ్లీ 1975 నుంచి అంతరించే ప్రమాదమున్న జంతువుల చట్టం రక్షణలో ఉంది, ప్రాణరక్షణ కోసం చంపినా విచారణ తప్పదు. అలాస్కాలో ప్రాణరక్షణకు చంపితే చర్మాన్ని గోళ్ళతో సహా, పుర్రెతో సహా తీసి ప్రభుత్వానికి అప్పగించాలి, 15 రోజుల్లోగా రాతపూర్వకంగా నివేదిక ఇవ్వాలి. దట్టమైన పొదల్లో గాయపడిన ఎలుగు కోసం వెతుక్కుంటూ వెళ్ళడం అంటే ఏమిటో ఊహించుకోండి. స్ప్రే కొడితే ఎలుగు బతుకుతుంది, ఈ పనులేవీ ఉండవు.

విమానంలో కథ తలకిందులు. తూటాలు తీసిన తుపాకీని తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, విమాన సంస్థకు ప్రకటించి లగేజీలో వేయొచ్చు. బేర్ స్ప్రేను చేతి సామానులో గానీ లగేజీలో గానీ వేయకూడదు. కాబట్టి యాంకరేజ్‌లోనో, బోజ్‌మన్‌లోనో, కాలిస్పెల్‌లోనో దిగాక కొనండి. చిన్న విమానంలో లోపలి అడవికి వెళ్ళేటప్పుడు పైలట్‌కు ముందే చెప్పండి. క్యాబిన్‌లో కారితే పైలట్‌కు కళ్ళు కనపడవు. నీటి మీద దిగే విమానాల్లో దాన్ని ఫ్లోట్ల (విమానాన్ని నీటి మీద తేల్చే తెప్పల్లాంటి భాగాల) లోపలి అరల్లో పెడతారు.

కొనగానే వంటింటి త్రాసు మీద తూచి బరువును డబ్బా మీదే మార్కర్‌తో రాసుకోండి. ఏడాది తర్వాత తూచినప్పుడు తగ్గితే కారుతున్నట్టు, తేదీ ఇంకా ఉన్నా మార్చండి. గడువు అడుగున ముద్రించి ఉంటుంది. గడువు దాటినదాన్ని పారేసే ముందు ఆరుబయట, గాలి మీ వీపు వైపు నుంచి వీచేటప్పుడు చిమ్మి చూడండి. ఒక సెకనులో మబ్బు ఎంత దూరం పోయింది, ఎంత వెడల్పయింది అన్నది కంటితో చూసినవాళ్ళకే అడవిలో దూరం అంచనా దొరుకుతుంది. దీనికి విడిగా ఘాటు లేని సాధన డబ్బాలు కూడా అదే కంపెనీ అమ్ముతుంది. క్లిప్ తీయడం, ఎడమచేత్తో గురి పట్టడం వాటితో మొదలుపెట్టండి. తుపాకీతో సాధన చేసే ప్రతిసారీ ఇదీ పక్కన పెట్టుకోండి.