గోదావరి తేమలో ఎస్‌టీసీ-1000 కంట్రోలర్: సరీసృపాల ట్యాంకుకు ఎంతవరకు నమ్మొచ్చు?

బియర్డెడ్ డ్రాగన్ (బల్లి జాతి), బాల్ పైథాన్ (కొండచిలువ), రెడ్ ఇయర్డ్ స్లైడర్ (నీటి తాబేలు) పెంచేవాళ్ల దగ్గర హీట్ బల్బుని అదుపు చెయ్యడానికి తరచుగా కనిపించేది ఎస్‌టీసీ-1000 అనే ఉష్ణోగ్రత కంట్రోలర్. ధర తక్కువ, వాడకం తేలిక. అయితే భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు ఇది ఎన్నాళ్లు పనిచేస్తుందనేది దాన్ని ఎక్కడ బిగించారు, ఎలా బిగించారు అన్నదాన్నిబట్టే ఉంటుంది. దాని స్పెసిఫికేషన్‌లోనే తేమ 20 నుంచి 85 శాతం వరకేనని, నీటి చెమ్మ పట్టని చోటే వాడాలని ఉంటుంది. వానాకాలం తెల్లవారుజామున డెల్టాలో తేమ 90 దాటడం మామూలే. రోజూ నీళ్లు పిచికారీ చేసే ట్యాంకు పక్కనైతే ఇక చెప్పక్కర్లేదు.

కొనేటప్పుడు ముందు లేబుల్ మీద వోల్టేజీ చూడండి. ఒకే రూపంలో 12, 24, 110, 220 వోల్టుల రకాలు ఉన్నాయి. 24 వోల్టులది మెయిన్స్‌కి తగిలిస్తే ఆ క్షణంలోనే పోతుంది. వైరింగ్‌లో చాలామంది తికమకపడేది రిలే (కంట్రోలర్ లోపలి ఆటోమేటిక్ స్విచ్చు) దగ్గర. 1, 2 టెర్మినళ్లు కరెంటుకి, 3, 4 సెన్సార్‌కి, 5, 6 హీటింగ్‌కి, 7, 8 కూలింగ్‌కి. 5 నుంచి 8 దాకా ఉన్నవి ఉత్త స్విచ్చులు మాత్రమే, వాటిలోంచి కరెంటు దానంతటది రాదు. ఫేజు నుంచి 5కి, 7కి చిన్న జంపర్ వైర్లు వేస్తేనే బల్బుకీ ఫ్యానుకీ సప్లై అందుతుంది.

సెట్టింగుల్లో ఎస్ బటన్ మూడు సెకన్లు నొక్కితే ఎఫ్1 వస్తుంది. అది ఉష్ణోగ్రత. ఎఫ్2 తేడా. దీన్ని 0.5 దగ్గర వదిలేస్తే హాలోజెన్ బల్బు అస్తమానం ఆరి వెలుగుతూ జంతువుని బెదరగొడుతుంది, ఫిలమెంటూ త్వరగా తెగుతుంది. 2 లేదా 3 డిగ్రీలు పెట్టండి. ఎఫ్1 40, ఎఫ్2 3 అయితే బల్బు 40కి ఆరి, 37కి వెలుగుతుంది. ఎఫ్3 కూలింగ్ వైపు ఆలస్యం. ఇది ఫ్రిజ్ కంప్రెసర్ కోసం పెట్టింది కాబట్టి, ఫ్యాను తగిలిస్తే 1 నిమిషానికి తగ్గించండి. అన్నీ అయ్యాక పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలాలి. అలా కాకుండా ఊరికే వదిలేస్తే మార్పులు సేవ్ కావు. "పెట్టిన నంబరు మళ్లీ పాతదానికే పోతోంది" అనే ఫిర్యాదులో సగం ఇదే.

సెన్సార్ 10కె ఎన్‌టీసీ రకం, అంటే వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. ప్రోబుకి (సెన్సార్ కొసకి) వైరు కలిసే చోట చెమ్మ చేరినా నిరోధం తగ్గుతుంది. దాంతో కంట్రోలర్ వేడి ఎక్కువైందని పొరబడి బల్బుని ముందే ఆర్పేస్తుంది. ట్యాంకు చల్లగా ఉన్నా తెర మీద 41 కనిపిస్తుంటే అనుమానించాల్సింది ప్రోబునే. ముక్కలు చేసిన ఐసులో కొద్దిగా నీళ్లు పోసి, కలిపి, ప్రోబు ముంచండి. సున్నా దగ్గర రావాలి. ఒకటి రెండు డిగ్రీల తేడా ఉంటే ఎఫ్4తో సరిచెయ్యొచ్చు, అంతకు మించితే ప్రోబు మార్చాలి. వైరు పూర్తిగా తెగితే తెర మీద EE అని వచ్చి బజర్ మోగుతుంది, అవుట్‌పుట్లు రెండూ ఆగిపోతాయి. ఆ విషయంలో దీన్ని మెచ్చుకోవాలి. కానీ ప్రోబు జారి చల్లని మూలకి పడితే దానికేం తెలుస్తుంది? బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. అందుకే బాస్కింగ్ రాయి (జంతువు వేడి కాచుకునే రాయి) అంచున, బల్బు కాంతి నేరుగా పడని చోట, రెండు జిప్ టైలతో కట్టెయ్యాలి. రాయి మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌లో మీ జంతువుకి కావాల్సిన వేడి (బియర్డెడ్ డ్రాగన్‌కైతే 40) వచ్చినప్పుడు ప్రోబు ఎంత చూపిస్తుందో చూసి, ఆ నంబరే ఎఫ్1గా పెట్టాలి.

ఇక కంట్రోలర్‌ని బిగించే పెట్టె. మన ప్రాంతంలో అసలు కథంతా ఇక్కడే. చేపల చెరువుల గట్ల మీద ఏరేటర్ స్టార్టర్లకి వాడే ఐపీ65 (దుమ్ము, నీటి జల్లు చొరబడని) ప్లాస్టిక్ బాక్సు దీనికి సరిగ్గా సరిపోతుంది. ముందు ముఖానికి 71 బై 29 మిల్లీమీటర్ల కోత కావాలి. వైర్లన్నీ కింది నుంచే, గ్లాండుల (వైరు చుట్టూ బిగుసుకునే బిరడాల) ద్వారా రావాలి. బాక్సులోకి ఎక్కే ముందు ప్రతి వైరుకీ కిందికి ఒక వంపు ఇస్తే, వైరు వెంట జారిన నీరు అక్కడే కారిపోతుంది. బాక్సు ఎంత బిగించినా పగటి వేడికి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడినప్పుడు తేమగాలిని లోపలికి లాక్కుంటుంది. అందుకని ఆ చెమ్మ బయటికి పోయేలా అడుగున 3 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, సన్నటి స్టీలు జాలీ అంటించండి. జాలీ లేకపోతే చీమలు రిలేల దాకా వెళ్తాయి, బల్లి సర్క్యూట్ బోర్డు మీద షార్ట్ అవుతుంది. (లోపలి బల్లి జాతి ప్రాణికి బయటి బల్లే ముప్పు.) రాత్రి బల్బు ఆర్పినా కంట్రోలర్‌కి కరెంటు తియ్యకండి. దానిలోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వేడి బాక్సుని పొడిగా ఉంచుతుంది.

టెర్మినళ్ల దగ్గర రాగి తీగ పచ్చగా చిలుము పట్టడం అంతర్వేది, ఉప్పాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో త్వరగా మొదలవుతుంది. తీగ కొసలకి సోల్డర్ పెట్టి స్క్రూ కింద బిగిస్తారు కొందరు. అది నెమ్మదిగా నలిగి వదులవుతుంది, వదులైన చోట వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. తీగ కొసలకి పిన్ లగ్గులు (లోహపు తొడుగులు) క్రింప్ చేసి (నొక్కి బిగించి), బిగించాక పలచగా పెట్రోలియం జెల్లీ రాయడం మేలు. హోల్డర్ పింగాణీదే ఉండాలి. బేకలైటు మాడిపోతుంది. వేడి బల్బు మీద పిచికారీ పడితే గాజు పగులుతుంది, కాబట్టి నాజిల్‌ని బల్బుకి దూరంగా తిప్పండి.

రిలే మీద 10 ఆంపియర్లని రాసి ఉంటుంది. చల్లని ఫిలమెంటు వెలిగే క్షణంలో కరెంటు మామూలు కంటే పదింతలకు పైగా లాగుతుంది కాబట్టి ఒక కంట్రోలర్ మీద 300 వాట్లు దాటకపోవడం మంచిది. ఎక్కువసార్లు ఆన్ ఆఫ్ అయితే కాంటాక్టులు అతుక్కుపోయి బల్బు ఆరదు. అప్పుడు లోపలి జంతువు ప్రాణానికే ముప్పు. అందుకే బల్బు లైన్లో వరసగా (సిరీస్‌లో) ఇంకో ఎస్‌టీసీ-1000, వేరే ప్రోబుతో, 4 డిగ్రీలు ఎక్కువ పెట్టి బిగించాలి. ఖర్చు కాస్త పెరుగుతుంది, అయినా ఇందులో పీనాసితనం వద్దు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చు) కూడా తప్పనిసరే.

యూవీబీ (అతినీలలోహిత కాంతి) ట్యూబుని మాత్రం దీనికి కలపకండి. అది పగలంతా వెలగాలి, టైమర్ మీద విడిగా ఉండాలి. గాజు యూవీబీని ఆపేస్తుంది, ట్యాంకు మీది జాలీ కొంత తగ్గిస్తుంది. టీ5 (సన్న రకం) ట్యూబు కాంతి కంటికి మామూలుగానే కనిపించినా ఏడాదికల్లా యూవీబీ తగ్గుతుంది, మార్చాలి.

మే నెలలో గది 38 దాటితే కూలింగ్ వైపు ఫ్యాను ట్యాంకుని గది కంటే చల్లగా చెయ్యలేదు. బాస్కింగ్ బల్బుని ఉదయం ఆరు నుంచి పదింటి దాకా వెలిగించి, మధ్యాహ్నం ఆపెయ్యడమే తగిన పద్ధతి. తాబేళ్ల విషయంలో ఒక్క మాట: నక్షత్ర తాబేలు లాంటి మన దేశపు రక్షిత జాతుల్ని పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఎంత మంచి కంట్రోలర్ ఉన్నా అలాంటి తాబేలుని తీసుకురావద్దు.

మొత్తం మీద, రెండు కంట్రోలర్లు ఒక ఐపీ65 బాక్సులో బిగించి వాడితే ఐదుకి నాలుగు మార్కులు. బాక్సు లేకుండా గోడకి వేలాడదీసే వాళ్లకి మాత్రం కొనమని చెప్పలేను.