‘ఏమీ కాదు’ అనని సైకాలజిస్టు: ఓసీడీ చికిత్సపై నా దీర్ఘకాల అనుభవం

ఓసీడీ అంటే వద్దన్నా పదేపదే వచ్చే అనుమానాలూ, వాటిని తీర్చుకోవడానికి మళ్ళీమళ్ళీ చేసే పనులూ కలిసిన మానసిక సమస్య; మాటలతో, అభ్యాసాలతో చికిత్స చేసేవారు సైకాలజిస్టు, మందులు రాసే వైద్యులు సైకియాట్రిస్టు. ఇంతకు మించి ఆ జోలికి పోను. గ్యాస్ కట్టానా లేదా, తాళం సరిగా పడిందా లేదా అన్న అనుమానంతో ఏళ్ళ తరబడి అవస్థపడి, విజయనగరం నుంచి విశాఖపట్నం వెళ్ళి ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గర దీర్ఘకాలం చికిత్స పొందిన నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒక్క విషయమే: ఆవిడ నాతో ఎన్నడూ ‘ఏమీ కాదు’ అనలేదు. మొదట్లో నాకు విపరీతమైన కోపం తెప్పించిన ఆ పద్ధతే, చివరకు ఆ చికిత్సలో అన్నిటికంటే విలువైనదిగా తేలింది.

బడికి బయలుదేరి వీధి మలుపు దాటగానే ‘ఏమండీ, గ్యాస్ కట్టానా?’ అని స్కూటరు వెనక నుంచి నేను అడగడం, ‘కట్టావు, నేను చూశాను’ అని మావారు చెప్పడం, ఆ మాట మనసులో ఎంతోసేపు నిలవక స్టాఫ్‌రూమ్ నుంచి మళ్ళీ ఫోన్ చేయడం మా ఇంట్లో నిత్యకృత్యంగా ఉండేది. మొదటి సమావేశాలలోనే మేడమ్ మావారిని కూడా కూర్చోబెట్టి, ప్రేమతో చెప్పే ఆ జవాబే జబ్బుకు మేత అవుతున్నదని, ఇకమీదట ఎవరూ దానిని అందించకూడదని స్పష్టం చేశారు. ఇది ఆవిడ సొంత కల్పన కాదు. 1966లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు ఇద్దరు రోగులను వారు భయపడే పరిస్థితిలోకి తీసుకువెళ్ళి, ఆ భయం తీరడానికి వారు చేసే తంతును మాత్రం చేయనివ్వకుండా ఆపిన నాటి నుంచి ఎదుగుతూ వచ్చిన చికిత్సా విధానం ఇది; దీన్ని ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అంటారు. అయితే పండుగలకు వచ్చి ఉండే మా అత్తగారికి మాత్రం ఇది శుద్ధ క్రౌర్యంగా తోచింది. ‘ఓ ముక్క చెప్పీరాదేటి రా, నీ సొమ్మేటి పోయింది’ అని ఆవిడ కొడుకును మందలించేవారు. నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లో నేను మా అత్తగారి పక్షమే.

నా అభిప్రాయాన్ని మార్చినది మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మ జాతర. పూజారిని కొసన కూర్చోబెట్టి పొడవాటి మానును ఊరేగించే సిరిమానోత్సవం నాడు విజయనగరంలో ఇంటింటా చుట్టాలు దిగుతారు, పొద్దుటి నుంచి పొయ్యి ఆరదు, మధ్యాహ్నం ఇల్లంతా ఖాళీ చేసి అందరూ మూడు లాంతర్ల కూడలి వైపు నడుస్తారు. నా భయాలను తక్కువ నుంచి ఎక్కువకు మెట్ల వారీగా రాయించినప్పుడు మేడమ్ ఈ రోజును దాదాపు చివరి మెట్టు మీద పెట్టించారు. చేయవలసినది ఇంతే: గ్యాస్ ఒక్కసారి కట్టాలి, తాళం ఒక్కసారి వేయాలి, లాగి చూడకూడదు, ఫోటో తీసుకోకూడదు, ఎవరినీ అడగకూడదు, సిరిమాను తిరగడం పూర్తయ్యేవరకూ ఇంటికి రాకూడదు, మధ్యమధ్య ఆందోళన నూటికి ఎంత ఉన్నదో చిన్న కాగితం మీద రాసుకోవాలి.

మూడు లాంతర్ల దగ్గరకు చేరేసరికి తొంభై అని రాశాను. ఊరేగింపులో పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల ఒకదాని వెనక ఒకటి సాగిపోతుంటే నా కళ్ళ ముందు మాత్రం మా వంటిల్లు తగలబడుతున్నది. సిరిమాను కొసన కూర్చున్న పూజారి మీదికి జనం అరటిపండ్లు విసురుతున్నారు, మా ఆడపడుచు నా చేతిలోనూ ఒకటి పెట్టింది, నేను దానిని పట్టుకుని అలాగే నిలబడ్డాను. గుడికీ కోటకూ మధ్య సిరిమాను మూడుసార్లు తిరగాలి. రెండోసారి తిరిగి వచ్చేటప్పుడు కాగితం తీసి చూసుకుంటే, వేయవలసిన అంకె యాభై కంటే తక్కువగా తోచింది. గ్యాస్ కట్టానో లేదో నాకు అప్పటికీ తెలియదు, ఎవరూ చెప్పలేదు. జవాబు దొరకకుండానే ఆందోళన దిగిపోవడం నా జీవితంలో అదే మొదటిసారి, ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఈ విజయాన్ని ఉత్సాహంగా వర్ణిస్తే మేడమ్ మెచ్చుకుంటూనే ఒక చిక్కు ప్రశ్న వేశారు: వెనక్కి వెళ్ళాలనుకున్నా ఆ జనంలో దారి ఉన్నదా? లేదు. కనుక రోడ్లు ఖాళీగా ఉన్న మామూలు ఆదివారం, వెనక్కి తిరగడం పూర్తిగా నా చేతిలో ఉన్నప్పుడు, ఇదే పనిని మళ్ళీ చేయించారు. అది జాతర నాటి కంటే కష్టమైంది. తన రోగి గెలుపును కూడా ఇంత నిక్కచ్చిగా తూచే మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

అయితే ఈ మెరుగంతా సమావేశాల వల్లనే వచ్చిందని చెప్పడానికి లేదు, ఎందుకంటే సైకియాట్రిస్టు రాసిన మాత్రలు ఆ కాలమంతా సాగుతూనే ఉన్నాయి. తీవ్రతను కొలవడానికి వాడే, నలభై మార్కుల యేల్-బ్రౌన్ ప్రశ్నావళిలో నా మార్కులు బాగా తగ్గాయి గాని సున్నాకు చేరలేదు. పైగా ఆ జవాబు చెప్పని నియమానికి ఒక లోపం ఉన్నది. ఒక సాయంత్రం నిజంగానే గ్యాస్ వాసన వచ్చి నేను మావారిని పిలిస్తే, ఆయన పేపరు లోంచి తల ఎత్తకుండా ‘ఈ ప్రశ్నకు జవాబు చెప్పకూడదని అనుకున్నాం కదా’ అన్నారు. రబ్బరు ట్యూబు నిజంగానే చీలింది. ముక్కుకు తగిలిన వాసన వేరు, మనసులో పుట్టిన అనుమానం వేరని, వాసన వస్తే వెంటనే రెగ్యులేటరు కట్టి, కిటికీలు తెరిచి, గ్యాస్ లీకు అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయాలని మేడమ్ ఆ తర్వాత చక్కగా వివరించారు. ఆ వివరణ మొదటి వారంలోనే, మావారి సమక్షంలోనే ఇచ్చి ఉండవలసినదని నా ఫిర్యాదు.

మరో ఫిర్యాదు దూరం. అరవై కిలోమీటర్లు వెళ్ళి రావడమంటే సగం రోజు సెలవు. మధ్యలో విసిగి, ఊళ్ళోనే బోర్డు పెట్టుకున్న ఒక కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళాను. ఆయన సౌమ్యులు, గంటసేపు ‘ఏమీ కాదమ్మా, ధైర్యంగా ఉండండి’ అన్నారు, ఇంటికి వచ్చేదాకా హాయిగానే ఉన్నది, ఆ వారమంతా అనుమానాలు రెట్టించాయి. అందుచేత ఎవరి దగ్గరకు వెళ్ళినా, క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉన్నదా, ఓసీడీకి ఈ చికిత్స చేయించిన అనుభవం ఉన్నదా అని మొహమాటం లేకుండా అడగడం మంచిది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్‌కు, అంటే 14416కు, ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు, రాత్రివేళ తోడుగా అది మంచిదే గాని వారం వారం అభ్యాసం చేయించడానికి సరిపోతుందని నేను అనుకోను. తరువాత మేడమ్ వీడియో సమావేశాలకు ఒప్పుకోవడంతో సగం బాధ తీరింది. ఫోనును వంటింటి గట్టు మీద ఆనించి, పొయ్యి ఎదుటే అభ్యాసం చేయడం క్లినిక్ గదిలో కంటే నాకు ఎక్కువ పనికివచ్చింది.

నాకు నెల జీతం ఉన్నది, కోపం వచ్చినా మాట తప్పని భర్త ఉన్నారు, చివరకు నోరు కట్టుకున్న అత్తగారూ ఉన్నారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఈ చికిత్సను ఇంత గట్టిగా మెచ్చుకునేదాన్నో కాదో చెప్పలేను. ఒంటరిగా ఉండేవారు, కుటుంబం సహకరించనివారు మొదటి సమావేశంలోనే ఆ సంగతి సైకాలజిస్టుకు చెప్పి, అభ్యాసాలను అందుకు తగినట్లు మార్చగలరేమో అడిగి చూడాలి.