పెరటి గదికి వైఫై: తక్కువ ఖర్చులో ఏది నిలబడింది

ఇంటికి దూరంగా ఉన్న గదికి వైఫై అందించే చవక మార్గాలు చాలానే వాడి చూశాను, కొన్నింటితో ఏళ్లు గడిపాను. అందుకే తీర్పు ముందే చెప్పేస్తాను. సిగ్నల్‌ను తినేది దూరం కాదు, గోడలు. ఇంటి లోపలి గోడలన్నీ తీగ మీద దాటించి, బయటి గోడ దగ్గర నుంచి గాలికి వదిలేస్తే ఖరీదైన సామాను అవసరం పడదు. ఎందుకో తెలుసుకునే ఓపిక ఉన్నవాళ్లు ముందుకు చదవండి.

మా ఇంట్లో రూటర్ ముందు గదిలో ఉంటుంది. పని గది పెరటి చివర, రూటర్ నుంచి కొలిస్తే 60 మీటర్లకు కాస్త అటూ ఇటూ. మధ్యలో రెండు ఇటుక గోడలు, వెనక వైపు ఒక కాంక్రీటు గోడ, అది దాటితే ఖాళీ జాగా, ఒక పక్కన గుబురుగా పెరిగిన చెట్టు. పని గది తలుపు రేకుది. లోపల ఒక కంప్యూటర్, ఒక కెమెరా, చేతిలో ఫోను. పెద్ద వేగమేమీ అక్కర్లేదు. వీడియో కాల్‌లో మాట మధ్యలో తెగకూడదు, కెమెరా రాత్రంతా ఆగకుండా నడవాలి, అంతే.

ఫోనులో కనిపించే గీతలను నమ్మకండి. ఒక్కో కంపెనీ ఒక్కో లెక్కన వాటిని చూపిస్తుంది. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో, అంటే డెసిబెల్స్ లెక్కన చెప్పే ఉచిత యాప్ ఒకటి వేసుకుంటే అసలు సంగతి తెలుస్తుంది. ఆ అంకె మైనస్‌లో ఉంటుంది; సున్నాకు ఎంత దగ్గరైతే అంత మేలు. రూటర్ పక్కన నిలబడితే మైనస్ 35, 40 చూపిస్తుంది. మైనస్ 67 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. మైనస్ 75 దగ్గర పేజీలు తెరుచుకుంటాయి గానీ కాల్ తడబడుతుంది. మైనస్ 85 దాటాక పేరు కనిపిస్తుంది తప్ప పని జరగదు. 10 డెసిబెల్స్ తగ్గితే బలం పదో వంతుకు పడిపోయినట్టు. 3 తగ్గితే సగం.

ఇప్పుడు లెక్క వేద్దాం. వైఫై ఎక్కువగా నడిచేది రెండు పౌనఃపున్య బ్యాండ్ల మీద, 2.4, 5 గిగాహెర్ట్జ్. అడ్డం లేని గాలిలో 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మొదటి మీటరులోనే దాదాపు 40 డెసిబెల్స్ పోగొట్టుకుంటుంది. ఆ తర్వాత దూరం రెట్టింపైనప్పుడల్లా పోయేది 6 మాత్రమే. అలా 60 మీటర్లు చేరేసరికి మొత్తం నష్టం 76 దాకా ఉంటుంది. రూటర్ 20 డీబీఎం, అంటే 100 మిల్లీవాట్లు వదిలిందనుకుంటే, అక్కడికి చేరాల్సింది మైనస్ 56. కాల్‌కు అది బోలెడంత. కానీ పని గది గుమ్మంలో నా ఫోను చూపించింది మైనస్ 84. మిగతా 28 డెసిబెల్స్ గోడల పాలయ్యాయి. ఇటుక గోడలు తలా కొంత తీసుకున్నాయి, ఇనుప చువ్వలున్న వెనక గోడ అన్నిటికంటే ఎక్కువ మింగింది. రేకు తలుపు మూస్తే ఆ కాస్త కూడా లేదు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అయితే వెనక గోడ దాటి బయటికే రాలేదు.

రూటర్ శక్తి పెంచితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. మనం మైకు పట్టుకుని ఎంత గట్టిగా పిలిచినా, దూరంగా ఉన్న మనిషి మామూలు గొంతుతో ఇచ్చే జవాబు మనకు వినబడాలి కదా. ఫోను తన చిన్న బ్యాటరీతో పంపే సిగ్నల్ రూటర్‌కు చేరకపోతే, గీతలు నిండుగా కనిపిస్తూనే ఏ పేజీ తెరుచుకోదు. పైగా ఎంత శక్తితో ప్రసారం చేయవచ్చో దాదాపు ప్రతి దేశంలోనూ చట్టబద్ధమైన పరిమితి ఉంది. అందుకే బూస్టర్ పేరుతో అమ్మే వస్తువుల జోలికి నేను పోలేదు.

రూటర్ సిగ్నల్‌ను అందుకుని తిరిగి ప్రసారం చేసే ఎక్స్‌టెండర్‌ను మాత్రం తీసిపారేయలేను. చాలాకాలం అదే నా పని నడిపింది. దాన్ని ఎక్కడ పెడతామన్న దాని మీదే సగం ఫలితం ఉంటుంది. సిగ్నల్ చచ్చిపోయిన చోట పెడితే ఆ చచ్చిన సిగ్నల్‌నే మళ్లీ గట్టిగా వినిపిస్తుంది. రూటర్ నుంచి మైనస్ 65 అయినా అందే చోట, వెనక గది కిటికీ పక్కన పెట్టాను. పని గదిలో అంకె మైనస్ 70కి వచ్చింది. వేగం మాత్రం రూటర్ దగ్గర వచ్చే దాంట్లో సగానికి కింద. అది పరికరం లోపం కాదు. ఒకే రేడియో ఉన్న ఎక్స్‌టెండర్ ఒకే ఛానల్ మీద ప్రతి ముక్కనూ ముందు విని, తర్వాత తిరిగి పంపాలి. గాలిలో ప్రతిదీ రెండుసార్లు ప్రయాణిస్తుంది కాబట్టి వేగం సగమవుతుంది. రెండు బ్యాండ్లున్న రకం కొని, రూటర్‌తో 5 గిగాహెర్ట్జ్ మీద, పని గదితో 2.4 మీద మాట్లాడేలా పెడితే ఆ నష్టం బాగా తగ్గుతుంది.

నన్ను విసిగించింది వేగం కాదు, దాని తీరు. కరెంటు పోయి వచ్చినప్పుడు రూటర్ కంటే ముందే అది లేచి, ఇంటర్నెట్ దొరకక, ముందున్న ఆకుపచ్చ దీపం నారింజ రంగుకు మారి అలాగే ఉండిపోయేది. ప్లగ్గు తీసి పెడితే తప్ప కదిలేది కాదు. ఇంట్లోంచి పెరట్లోకి నడిచేటప్పుడు ఫోను ఇంట్లోని రూటర్‌నే పట్టుకుని వేలాడేది. వైఫై ఒకసారి ఆపి మళ్లీ వేయాల్సి వచ్చేది. ఎక్స్‌టెండర్ వైఫైకి వేరే పేరు పెట్టాక ఈ రెండో బాధ కొంత తగ్గింది. ఇంకో మాట: చాలా ఎక్స్‌టెండర్లకు కింద ఒక ఈథర్నెట్ రంధ్రం ఉంటుంది. రూటర్ నుంచి వచ్చే కేబుల్ అందులో గుచ్చి యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే తీగ మీద వచ్చిన ఇంటర్నెట్‌ను వైఫైగా వదిలే పద్ధతిలో పెడితే ఆ సగం వేగం గొడవే ఉండదు. పెట్టె మీద దాన్ని చిన్న అక్షరాల్లో ఎందుకు వేస్తారో నాకు అర్థం కాదు.

కరెంటు వైర్ల మీదే డేటా నడిపే పవర్‌లైన్ అడాప్టర్ల గురించి క్లుప్తంగా: రెండు ప్లగ్గులూ ఒకే ఫేజు మీద ఉంటే పనిచేస్తాయి. వోల్టేజి ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న బోర్డులో గుచ్చితే సిగ్నల్ అక్కడే ఆగిపోతుంది, కాబట్టి నేరుగా గోడ సాకెట్టులోనే పెట్టాలి. మా ఇంట్లో నీళ్ల మోటారు తిరిగినంతసేపూ వేగం కుప్పకూలేది. పెట్టెపై రాసిన 500 మెగాబిట్ల అంకెకూ చేతికి వచ్చే దానికీ పొంతన ఉండదు. తిరిగి ఇచ్చేశాను.

ఇక అసలు మార్గం. మూలన పడి ఉన్న పాత రూటర్ ఒకటి తీసి, ముందు గది నుంచి వెనక గోడ దాకా ఈథర్నెట్ కేబుల్ లాగి, దాన్ని యాక్సెస్ పాయింట్‌గా మార్చాను. మార్చడం కష్టమేమీ కాదు. పాత రూటర్ సెట్టింగుల్లో దాని అడ్రసు అసలు రూటర్‌తో ఢీకొనకుండా మార్చాలి, అసలుది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వొచ్చు. తర్వాత అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని ఆపేయాలి. కేబుల్‌ను ఇంటర్నెట్ అని రాసి ఉన్న వాన్ రంధ్రంలో కాక, లాన్ రంధ్రాల్లో ఒకదానిలో గుచ్చాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11. అసలు రూటర్ 1 మీద ఉంటే దీన్ని 6 లేదా 11 మీద పెట్టండి. 3, 4 పెడితే రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి.

కంపెనీ పట్టించుకోవడం మానేసిన రూటర్ అయితే, దాని మోడల్‌కు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ దొరుకుతుందేమో చూడండి. ఒకప్పటి లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టీ54జీ రూటర్ సాఫ్ట్‌వేర్ మూలం బయటికి వచ్చాక 2004లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, ఇప్పటికీ సజీవంగా ఉంది. పాత పెట్టెకు భద్రతా సవరణలు తిరిగి రావడం ఒక్కటే దానికి చాలినంత కారణం.

ఈ పాత రూటర్‌ను వెనక గది కిటికీలో పెట్టేసరికి పని గది గుమ్మంలో అంకె మైనస్ 58కి వచ్చింది. నేను వేసిన గాలి లెక్కకు అది ఎంత దగ్గరగా ఉందో చూడండి. పని గది తలుపు చెక్కదై ఉంటే ఈ సమీక్ష ఇక్కడితో అయిపోయేది. అది రేకుది, కిటికీ చిన్నది. తలుపు మూస్తే మళ్లీ మైనస్ 76.

కేబుల్‌నే పని గది దాకా లాగవచ్చు కదా అంటారు. ఈథర్నెట్ రాగి కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, దూరం అడ్డు కాదు. అడ్డు పిడుగు. వేర్వేరు ఎర్తింగ్ ఉన్న రెండు కట్టడాలను రాగి తీగతో కలిపితే, దగ్గర్లో ఎక్కడ పిడుగు పడినా ఆ తీగలో పుట్టే వోల్టేజి రెండు చివర్లలోని పరికరాలనూ కాల్చేయగలదు. ఆప్టికల్ ఫైబర్‌కు ఆ భయం లేదు, ఎందుకంటే అందులో కరెంటు పారదు. కానీ గొయ్యి తవ్వాలి, రెండు వైపులా కన్వర్టర్లు పెట్టాలి. నేను గాలినే ఎంచుకున్నాను.

రెండు చోట్లను తీగ లేకుండా కలిపే, 5 గిగాహెర్ట్జ్ మీద పనిచేసే అవుట్‌డోర్ బ్రిడ్జి జత తీసుకున్నాను. అన్ని రకాల్లోనూ చవకదే. అరచేతి కంటే కొంచెం పెద్ద తెల్ల ప్లాస్టిక్ పెట్టెలు రెండు; యాంటెన్నా లోపలే ఉంటుంది. ఒకటి ఇంటి వెనక గోడ పైన, రెండోది పని గది చూరు కింద, ఎదురెదురుగా. మామూలు రూటర్ సిగ్నల్‌ను నలుదిక్కులా చల్లుతుంది. ఇవి ఉన్నదాన్నంతా ఒకే వైపుకు తిప్పుతాయి. అందుకే తక్కువ శక్తితోనే ఎక్కువ దూరం పోతాయి. ఒకదాన్ని యాక్సెస్ పాయింట్‌గా, రెండోదాన్ని దానికి కనెక్టయ్యే క్లయింట్‌గా పెట్టి, అటువైపు కేబుల్‌ను పని గదిలోని మరో పాత రూటర్‌కు ఇస్తే రేకు తలుపు మూసినా తెరిచినా ఒకటే.

బిగించేటప్పుడు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. రెండు పెట్టెలూ ఒకదానికొకటి కనిపిస్తే చాలదు. చూపు గీత చుట్టూ కొంత జాగా ఖాళీగా ఉండాలి. 60 మీటర్ల దూరానికి 5 గిగాహెర్ట్జ్‌లో ఆ జాగా సరిగ్గా మధ్యలో దాదాపు 90 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉంటుంది. మా చెట్టు కొమ్మ ఒకటి అందులోకి తొంగి చూసేది. ఎండగా ఉన్నప్పుడు ఏ తేడా లేదు. వానలో ఆకులు తడిసినప్పుడు మాత్రం అంకె పది డెసిబెల్స్ మేర పడిపోయేది, తడి ఆకులు సిగ్నల్‌ను పీల్చుకుంటాయి కాబట్టి. కొమ్మ కొట్టేశాక వానలకూ స్థిరంగానే ఉంది. ఛానల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ నుంచి 20కి తగ్గించాను. వేగం అంకె చిన్నదవుతుంది గానీ లింకు గట్టిపడుతుంది. వెడల్పు సగం చేసిన ప్రతిసారీ లోపలికి వచ్చే రొద 3 డెసిబెల్స్ తగ్గుతుంది మరి. ఇంత దగ్గరలో పూర్తి శక్తి కూడా అక్కర్లేదు, తగ్గించే పెట్టాను. దేశం సెట్టింగు సరైనదే పెట్టండి. 5 గిగాహెర్ట్జ్‌లో కొన్ని ఛానళ్లను రాడార్లు కూడా వాడతాయి. ఆ ఛానల్ ఎంచుకుంటే పరికరం ముందు కనీసం ఒక నిమిషం విని, రాడార్ లేదని తేలాకే ప్రసారం మొదలుపెడుతుంది. లింకు రాలేదని ఆ నిమిషంలోనే కంగారుపడి తీసి పెట్టేవాళ్లున్నారు.

ఈ పెట్టెలకు కరెంటు కూడా అదే ఈథర్నెట్ కేబుల్‌లో వెళ్తుంది, ఇంజెక్టర్ అనే చిన్న డబ్బా ద్వారా. చవక రకాల్లో చాలావాటిది 24 వోల్టుల పాసివ్ పద్ధతి. అవతల ఉన్నది ఏ పరికరమో చూసుకోకుండానే వోల్టేజి వదులుతుంది. ఆ రంధ్రంలో పొరపాటున ల్యాప్‌టాప్ గుచ్చితే దాని పోర్టు పోవచ్చు. ఇంజెక్టర్‌కు రెండు రంధ్రాలుంటాయి, చూడటానికి కవలలు. నావాటి మీద ఎర్ర టేపు చుట్టి ఉంచాను. కేబుల్ కూడా లోపలిదాకా రాగే ఉన్నది తీసుకోండి. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ చవకే గానీ కరెంటు మోయడంలో బలహీనం, మడతల దగ్గర తొందరగా విరుగుతుంది.

ఏళ్లు గడిచాక ఏం పాడైంది? బ్రిడ్జి పెట్టెలు కాదు. ప్లాస్టిక్ కాస్త పసుపెక్కింది, అంతే. కేబుల్‌ను గొట్టానికి కట్టిన తెల్ల ప్లాస్టిక్ పట్టీలు ఎండకు పెళుసెక్కి, చేత్తో తాకితే చిటుక్కున విరిగాయి. ఎండకు తట్టుకునే నల్లవి వేశాక మళ్లీ ఆ పని పడలేదు. ఒక చివర కనెక్టర్‌లోకి నీరు చేరి రాగి మొనలు ఆకుపచ్చగా చిలుమెక్కాయి, లింకు 100 మెగాబిట్ల నుంచి 10కి పడిపోయింది. కనెక్టర్ కోసి కొత్తది వేసి, పెట్టెలోకి వెళ్లే ముందు కేబుల్‌ను కిందికి వేలాడే వంపుగా తిప్పి కట్టాను. నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. కింది మూతలో కందిరీగలు మట్టి గూడు కట్టుకున్నాయి. సిగ్నల్‌కు ఏమీ కాలేదు గానీ, నిచ్చెనెక్కి మూత తీసేటప్పుడు జాగ్రత్త.

మెష్ సెట్ల గురించి, అంటే ఇల్లంతా ఒకే వైఫైగా కలిసి పనిచేసే పెట్టెల గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. మధ్యలో కేబుల్ లేకుండా వాడితే అవీ గాలి మీదే ఆధారపడతాయి. కాకపోతే ఫోను ఒకదాన్నుంచి మరోదానికి నెమ్మదిగా కాక చప్పున మారుతుంది, సెట్టింగులు సులువు. ఇంట్లో గదుల మధ్య బాగుంటాయి. కాంక్రీటు గోడ, ఖాళీ పెరడు, రేకు తలుపు ఉన్నచోట వాటికి పెట్టే ధరతో బ్రిడ్జి జత, కేబుల్, ఒక సెకండ్ హ్యాండ్ రూటర్ వస్తాయి.

అసలు ఖర్చే పెట్టలేనివాళ్లకు: బయటికి యాంటెన్నాలున్న రూటర్ అయితే, అట్టకు వంటింటి అల్యూమినియం రేకు అంటించి, విల్లులా వంచి యాంటెన్నా వెనక నిలబెట్టండి. అటువైపు పోయే సిగ్నల్ ఇటు మళ్లి కొన్ని డెసిబెల్స్ కలుస్తాయి. వెనక వైపున్న గదులకు ఆ మేరకు తగ్గుతుంది, అది గుర్తుంచుకోవాలి. యాంటెన్నాను టీవీ కేబుల్ లాంటి సన్నని కోయాక్సియల్ తీగతో దూరం జరపడం మాత్రం దండగ. ఆర్‌జీ58 రకం తీగలో 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు దాదాపు ఒక డెసిబెల్ పోతుంది. 10 మీటర్లు లాగితే చివరికి మిగిలేది పదో వంతు. యాంటెన్నాను కాదు, రూటర్‌నే జరపండి. ఈథర్నెట్ కేబుల్ ఎంత పొడవున్నా 100 మీటర్ల లోపు దాని వేగం తగ్గదు.

ఇప్పటికైతే బ్రిడ్జి జతను మార్చే ఆలోచన లేదు. ఒక అదనపు ఇంజెక్టర్ మాత్రం కొని ఉంచుకున్నాను. ఎప్పుడూ వేడెక్కుతూ పనిచేసే వస్తువు అది.