ఆత్రేయపురం పూతరేకులు: రుచి చూడవలసింది రేకునే

పూతరేకుల డబ్బా విప్పగానే జీడిపప్పు ఎంత వేశారో చూసే అలవాటు మనలో చాలామందికి ఉంది. గత నెల ఆత్రేయపురంలో ఒక ఇంటి దగ్గర బెల్లం, పంచదార, డ్రైఫ్రూట్స్ రకాలు ఒక్కో డబ్బా కొని, మూడింటినీ వరుసగా తిన్న తరువాత ఆ లెక్క తప్పని నాకు తోచింది.

బెల్లం రకమే అన్నిటికన్నా బాగుంది. బెల్లం పొడి, నెయ్యి, కాస్త యాలకుల పొడి తప్ప అందులో మరేమీ లేకపోవడంతో రేకు నోట్లో పెట్టీ పెట్టగానే కరిగి, చివరకు బియ్యపు కమ్మదనం నాలుక మీద మిగిలింది. పంచదార రకంలో తీపి మోతాదు మించింది. డ్రైఫ్రూట్స్ రకానికి ధర ఎక్కువ. బాదం పలుకులు నములుతూ ఉండగా రేకు ఎప్పుడు కరిగిపోయిందో కూడా తెలియలేదు. ఆ అదనపు డబ్బుతో జీడిపప్పు విడిగా కొనుక్కోవడమే మేలు.

రేకు తీయడం ఒకసారి చూసినవారు దానిని పై పొర అని తీసిపారేయలేరు. నానబెట్టిన బియ్యాన్ని పాలలా పలుచగా రుబ్బి, బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పలుచని గుడ్డను ఆ పిండిలో ముంచి కుండ మీద పరిచి లాగేస్తే, క్షణంలో కాగితం లాంటి పొర తేలుతుంది. మంటనూ చేతినీ కలిపి నడపడమే ఇందులోని పనితనం. ఈ పనికి జయ బియ్యం బాగా కుదురుతుందని పేరు. 1968లో విడుదలైన ఆ లావు గింజ రకాన్ని మనం అన్నానికి అంతగా ఇష్టపడకపోయినా, కేరళవారు కోరి కొంటారు.

నిజానికి ఆ డబ్బాలో ఉన్నది కోనసీమ వ్యవసాయమే. 1833 నాటి కరవును చూసిన ఈ ప్రాంతానికి, 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వరిని స్థిరపరచింది. మధ్య డెల్టా కాలువ ఈ మండలం మీదుగానే, లొల్ల లాకులు దాటి సాగుతుంది. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు సాధించిన తయారీదారుల సంఘం తన పేరులో ఆ ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్‌ను చేర్చుకోవడం అందుకే సహజంగా అనిపిస్తుంది. అయితే నీరున్నంత మాత్రాన సాగు గిట్టుబాటు కాదు. పెరిగిన కూలి ఖర్చులు, దక్కని ధర, సరిగా పారని మురుగు కాలువలతో విసిగి 2011లో ఇదే కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సార్వా (ఖరీఫ్) పొలాలను బీడు పెట్టారు. అటువంటి చోట బియ్యాన్ని ఇంతటి ధర పలికే వస్తువుగా మార్చేది ఇంటి పట్టున, పొయ్యి సెగకు ఎదురుగా కూర్చునే స్త్రీలు. వారిలో చాలామంది రేకులను లెక్కన దుకాణాలకు అమ్ముతారు. డబ్బా మీద దుకాణం పేరే కనిపిస్తుంది.

ఒక లోపం చెప్పాలి. అంతకుముందు ఆన్‌లైన్‌లో ఒక చోట తెప్పించిన డబ్బాలో సగం రేకులు పొడిపొడిగా చేరాయి, మిగిలినవాటిలో నెయ్యి ముక్కిన వాసన వేసింది. కాబట్టి దూరాన ఉన్నవారు చుట్టినవి కాక ఉత్త రేకులు తెప్పించుకోవడం మంచిది. తడిపి గట్టిగా పిండిన గుడ్డ మీద ఒక్కొక్క రేకునూ పరిచి, కాస్త మెత్తబడగానే ఇంటి నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి మడిస్తే సరిపోతుంది. మా ఇంట్లో మొదటి నాలుగూ చిరిగాయి, అయిదోది కుదిరింది.